డబ్బు దాటిన సరిహద్దును మనిషి ఎందుకు దాటలేడు? స్వదేశ విపత్తు వేళ ప్రవాసి స్థితి

సంక్షిప్తంగా

స్వదేశంలో భూకంపమో మహమ్మారో విరుచుకుపడినప్పుడు విదేశంలో ఉన్న వ్యక్తి ఇంటికి చేరగలడా లేదా అన్నది దూరం కంటే అతని నివాస పత్రాలను బట్టే ఎక్కువగా తేలుతుంది. 2015 నాటి నేపాల్ భూకంపం దీనికి స్పష్టమైన ఉదాహరణ. ఆ దేశపు కార్మికుల సంపాదన ఇళ్లకు చేరే దారులు త్వరగా తెరుచుకున్నాయి. కార్మికులకు మాత్రం సెలవు, నిష్క్రమణ అనుమతి, తిరిగి వచ్చే హక్కు, టికెట్టు ఖర్చు ఒకదాని వెంట ఒకటి అడ్డుపడ్డాయి. 2021లో అమెరికాలోని తెలుగు ఉద్యోగులకు ఎదురైన చిక్కు రూపంలో వేరైనా మూలంలో ఇటువంటిదే.

ఒకే భూకంపం, రెండు ప్రయాణాలు

2015 ఏప్రిల్ 25 శనివారం మధ్యాహ్నం 12 గంటలకు నాలుగు నిమిషాల ముందు నేపాల్‌లోని గోర్ఖా జిల్లా బార్‌పాక్ ప్రాంతం కేంద్రంగా 7.8 తీవ్రతతో భూమి కంపించింది. మే 12న 7.3 తీవ్రతతో మరోసారి కంపించింది. రెండింటిలో కలిపి దాదాపు 9,000 మంది మరణించారు. సుమారు 5 లక్షల ఇళ్లు నేలమట్టమయ్యాయి. మరణాలు అత్యధికంగా నమోదైంది రాజధానిలో కాదు, టిబెట్ సరిహద్దున ఉన్న సింధుపాల్‌చోక్ అనే కొండ జిల్లాలో. అక్కడ కూలినవి ఎక్కువగా మట్టి అడుసుతో రాళ్లు పేర్చి కట్టిన ఇళ్లు. ఆ రోజు బడులకు సెలవు కావడం వల్ల పిల్లల మరణాలు ఇంకా పెరగకుండా ఆగాయి.

ఆ ఊళ్లకు చెందినవారై ఉండి, ఆ క్షణాన ఊళ్లో లేనివారు లక్షల్లో ఉన్నారు. నేపాల్ ప్రభుత్వం ఆ రోజుల్లో ఏటా 5 లక్షలకు పైగా విదేశీ ఉపాధి అనుమతి పత్రాలు జారీ చేస్తుండేది. వాటిలో అత్యధిక భాగం మలేసియా, సౌదీ అరేబియా, ఖతార్, ఎమిరేట్స్‌కే. భారతదేశానికి వచ్చేవారికి అటువంటి పత్రమే అవసరం లేదు కాబట్టి వారు ఈ లెక్కలోకి రారు. కొండ గ్రామాల్లో పనిచేయగల వయసున్న మగవారు చాలామంది బయటే ఉండటంతో శిథిలాలు తొలగించే పని మొదటి రోజుల్లో ఆడవారి మీద, వృద్ధుల మీద పడింది.

ఖతార్ రాజధాని దోహా నుంచి కాఠ్‌మాండూకు విమానం నాలుగున్నర గంటల్లో చేరుతుంది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌గానో, ఫాస్ట్‌ఫుడ్ సెంటర్‌లో వంటవాడిగానో పనిచేసే నేపాలీ తన ఊరు చేరాలంటే రైల్లో గోరఖ్‌పూర్ వెళ్లి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, కొండదారిలో బస్సులు మారుతూ రెండు మూడు రోజులు ప్రయాణించాలి. అయినా వార్త విన్న పూటే బయలుదేరే వీలున్నది ఈ రెండో వ్యక్తికే. 1950 నాటి భారత–నేపాల్ శాంతి మైత్రి ఒప్పందం నీడన రెండు దేశాల మధ్య రాకపోకలకు వీసా అక్కరలేదు. యజమాని సెలవివ్వకపోతే పని పోవచ్చు గాని సరిహద్దు మూసుకుపోదు. నెల తర్వాత తిరిగి వచ్చి మరో అపార్ట్‌మెంటులో చేరడానికి ఎవరి సంతకమూ అవసరం లేదు. నాలుగున్నర గంటల దూరంలో ఉన్నవాడికి ఈ రెండూ లేవు. విపత్తు వేళ ప్రవాసి స్థితిని కిలోమీటర్లలో కొలిస్తే లెక్క తప్పేది ఇక్కడే.

కఫీల్ సంతకం

గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతిలో కార్మికుడి నివాస హక్కు ఆ దేశంతో నేరుగా కాక కఫీల్ అని పిలిచే యజమాని ద్వారా ముడిపడి ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మికులు అకామా అని పిలిచే నివాస కార్డును ఇప్పించేది, పొడిగించేది, రద్దు చేయించేది కఫీలే. 2015 నాటికి ఖతార్, సౌదీ అరేబియాల్లో దేశం దాటి బయటికి వెళ్లడానికి కూడా యజమాని అనుమతి కావలసి ఉండేది. అంటే ఇంట్లో చావు జరిగిన కార్మికుడు మొదట సూపర్‌వైజర్‌ను, తర్వాత క్యాంపు బాస్‌ను, ఆ పైన కంపెనీ కార్యాలయాన్ని ఒప్పించుకోవాలి. నేపాలీ హిందువులకు కర్మకాండ 13 రోజుల పాటు సాగుతుంది. అనుమతికి వారం పడితే సగం రోజులు అక్కడే గడిచిపోతాయి.

భూకంపం తర్వాత కొన్ని వారాలకు నేపాల్ కార్మిక మంత్రి టేక్ బహాదుర్ గురుంగ్ ఈ సమస్యను బహిరంగంగా ప్రస్తావించారు. నేపాలీ కార్మికులకు ప్రత్యేక సెలవు, విమాన ఛార్జీ ఇవ్వాలని ఖతార్ కంపెనీలను కోరామని, కొన్ని రంగాలు స్పందించినా ప్రపంచ కప్ ఫుట్‌బాల్ నిర్మాణాల్లో ఉన్నవారిని మాత్రం గడువు ఒత్తిడి పేరుతో వెళ్లనివ్వడం లేదని ఆయన ఆరోపించారు. కార్మికులను పంపే దేశపు మంత్రి, వారిని రప్పించుకునే దేశాన్ని ఇంత బాహాటంగా తప్పుపట్టడం అరుదు. ఉపాధి కోటా తగ్గుతుందేమోనన్న జంకు ఇటువంటి ప్రభుత్వాలకు ఎప్పుడూ ఉంటుంది.

అయితే నిష్క్రమణ అనుమతి ఒక్కటే అడ్డంకి అనుకుంటే సమస్య సగమే అర్థమైనట్టు. వెళ్లడానికి ఒప్పుకునే యజమాని తిరిగి రానివ్వడానికి ఒప్పుకోవాలని లేదు. సెలవు మీద వెళ్లి రావడం ఒకటి, గల్ఫ్ భాషలో ‘ఎగ్జిట్ కొట్టించుకుని’ వెళ్లిపోవడం మరొకటి. రెండోది ఎంచుకున్నవాడు మళ్లీ రావాలంటే ఏజెంటుకు కొత్తగా డబ్బు కట్టాలి. తొలిసారి కట్టిన డబ్బు తాలూకు అప్పే తీరని కార్మికుడికి ఈ దారి పేరుకు మాత్రమే తెరిచి ఉంటుంది. ఇక తెలంగాణ కార్మికులు ‘ఖల్లివెల్లి’ అని పిలుచుకునే, యజమానిని వదిలి పత్రాలు లేకుండా పనిచేసే వారి పరిస్థితి ఇంకా జటిలం. వారు దేశం విడవాలంటే రాయబార కార్యాలయం నుంచి అవుట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం తెచ్చుకోవాలి, జరిమానాలు తీర్చాలి, లేదా క్షమాభిక్ష ప్రకటన కోసం ఎదురుచూడాలి. ఆ తర్వాత తిరిగి రావడంపై నిషేధం పడే అవకాశమూ ఉంటుంది.

ఈ అడ్డంకులన్నీ దాటినవారికి చివరి మలుపులో ఇంకొకటి ఎదురైంది. అప్పటికి నేపాల్‌కు ఉన్న అంతర్జాతీయ విమానాశ్రయం ఒక్కటే, దానికి రన్‌వే కూడా ఒక్కటే. సహాయ సామగ్రి తెచ్చే విమానాలు, సాధారణ ప్రయాణికుల విమానాలు ఆ ఒక్క రన్‌వే కోసమే పోటీ పడ్డాయి. రన్‌వే దెబ్బతినడంతో మే నెల ఆరంభంలో భారీ విమానాలను నిలిపివేయవలసి వచ్చింది. విమానం దిగినవాడికి కొండచరియలు విరిగిపడి మూసుకుపోయిన రోడ్లు మిగిలి ఉన్నాయి.

వార్త ముందు, నిజం తర్వాత

దూరాన ఉన్నవారికి మొదట చేరేది టీవీ దృశ్యం. కాఠ్‌మాండూలో కూలిన ధరహరా బురుజు నిమిషాల్లో ప్రపంచమంతా కనిపించింది గాని, కార్మికుడి ఊరి గురించి సమాచారం రోజుల తరబడి రాలేదు. కెమెరాలు చేరగల చోటు నుంచి వార్త వస్తుంది; నష్టం మాత్రం అవి చేరలేని చోట ఎక్కువగా జరిగింది. ఫోను లైన్లు కిక్కిరిసిపోవడం, కరెంటు లేక టవర్ల బ్యాటరీలు ఆగిపోవడం దీనికి తోడయ్యాయి. ఫేస్‌బుక్ 2014 అక్టోబరులో ప్రవేశపెట్టిన, ‘క్షేమంగా ఉన్నాను’ అని గుర్తు పెట్టే ఏర్పాటు తొలిసారి పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చింది ఈ భూకంపంలోనే. గూగుల్ తప్పిపోయిన వారి వివరాల పట్టికను తెరిచింది. ఇవి పట్టణాల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్న కుటుంబాలకు బాగా పనిచేశాయి. బటన్ ఫోను ఛార్జింగ్ అయిపోయిన కొండ ఊరి తల్లిని ఏ పట్టికా చూపించలేదు.

డబ్బు నడిచే దారి

మనిషి కదలలేని సమయంలో డబ్బు చురుగ్గా కదిలింది. విదేశాల నుంచి నేపాల్‌కు వచ్చిన సొమ్ము 2013–14 ఆర్థిక సంవత్సరంలో సుమారు 54,300 కోట్ల నేపాలీ రూపాయలు ఉండగా, భూకంపం వచ్చిన 2014–15లో సుమారు 61,700 కోట్లకు, ఆ మరుసటి ఏడాది సుమారు 66,500 కోట్లకు చేరింది. ఇది ఆ దేశపు స్థూల దేశీయోత్పత్తిలో 30 శాతానికి దగ్గరగా ఉండే మొత్తం. పెట్టుబడులు, పర్యాటక ఆదాయం విపత్తు రాగానే వెనక్కి తగ్గుతాయి. ప్రవాసులు పంపే సొమ్ము మాత్రం అవసరం పెరిగే కొద్దీ పెరుగుతుందని ఆర్థికవేత్తలు చెప్పే సూత్రానికి ఈ అంకెలు సరిపోతాయి. డబ్బు బదిలీ చేసే కొన్ని పెద్ద సంస్థలు కొన్ని వారాల పాటు రుసుము కూడా వదులుకున్నాయి.

ఈ సూత్రాన్ని ప్రశంసగా చెప్పుకోవడం పరిపాటి. ఆ అదనపు సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న తక్కువగా వినిపిస్తుంది. నెల జీతం పెరగలేదు. పెరిగింది ఓవర్‌టైం, తోటివారి దగ్గర చేబదులు, తినే తిండిలో మిగుల్చుకున్నది. నేపాల్ గ్రామాల్లో ఏజెంటు ఖర్చుల కోసం తెచ్చే అప్పుకు నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ మామూలు. ఏడాదికి 36 శాతం. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లే కార్మికులకు ‘మూడు రూపాయల వడ్డీ’ అంటే వేరే వివరణ అవసరం ఉండదు. భూకంపం వచ్చిన నెలలో కూడా ఆ వడ్డీ కట్టవలసిందే, దాని మీద ఇల్లు నిలబెట్టే ఖర్చు అదనం. ఈ లెక్క వేసుకున్న కార్మికుడు తాను వెళ్లడం కంటే టికెట్టు డబ్బు పంపడమే కుటుంబానికి మేలని తేల్చుకుంటాడు. బయటి నుంచి చూస్తే అది అతని సొంత నిర్ణయంగానే కనిపిస్తుంది.

వ్యక్తులు ఇంటికి పంపే డబ్బుకు ఉన్న సౌలభ్యం సంఘాలుగా చేరి పంపే విరాళానికి ఉండదు. భారతదేశపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దీనికి మంచి ఉదాహరణ. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత ఆదాయం నుంచి బ్యాంకు ద్వారా స్వచ్ఛంద సంస్థకు ఇచ్చేది ఈ చట్టం కింద విదేశీ విరాళం కాదు. అతని పక్కింట్లో ఉన్న, అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డుతో ఉన్న బంధువు ఇచ్చేది మాత్రం విదేశీ విరాళమే. 2020 సవరణ తర్వాత అటువంటి సొమ్ము ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అందుకున్న సంస్థ దానిని మరో సంస్థకు బదలాయించకూడదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ప్రవాసులు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ల కోసం నిధులు పోగుచేసినప్పుడు చిన్న ఊళ్లలో పనిచేసే సంస్థలకు ఆ నిధులు చేరడంలో ఈ నిబంధనలే ప్రధాన ఇరుకుగా మారాయి.

ఉండనిచ్చే దేశాలు

అన్ని దేశాలూ ప్రవాసిని ఒకే తీరున చూడవు. అమెరికా 1990 వలస చట్టంలో తాత్కాలిక రక్షిత హోదా అనే ఏర్పాటు చేసింది. స్వదేశంలో యుద్ధమో ప్రకృతి విపత్తో వచ్చినప్పుడు అప్పటికే అమెరికాలో ఉన్న ఆ దేశస్థులను వెనక్కి పంపకుండా, పనిచేసుకోనివ్వడం దీని ఉద్దేశం. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వస్తే మూడు రోజుల్లో ఆ హోదా ప్రకటించారు. నేపాలీలకు రెండు నెలలు పట్టింది. 2015 జూన్ 24న ప్రకటన వెలువడింది.

ఈ హోదాలో ఒక విచిత్రం ఉంది. ఇది ఉండిపోయే హక్కు ఇస్తుంది గాని వెళ్లి వచ్చే హక్కు ఇవ్వదు. ఊరికి వెళ్లి రావాలంటే ముందుగా ప్రత్యేక ప్రయాణ అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా వెళ్లినవారు హోదాను కోల్పోవచ్చు. గల్ఫ్ చట్టం పనివాణ్ని కదలనివ్వకపోతే, అమెరికా చట్టం రక్షణ పేరుతో అదే ఫలితాన్ని మరో దారిలో ఇచ్చింది. ఉద్దేశాలు పూర్తిగా వేరు కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు, కానీ తల్లి అంత్యక్రియలకు వెళ్లలేకపోయిన వ్యక్తికి తేడా ఎంత కనిపిస్తుందన్నది వేరే ప్రశ్న. ‘తాత్కాలికం’ అన్న మాట కూడా ఎంతకాలమో ముందుగా తెలియదు. 1998 మిచ్ తుఫాను కారణంగా హోండూరాస్, నికరాగ్వా దేశస్థులకు 1999లో ఇచ్చిన హోదా రెండు దశాబ్దాలకు పైగా పొడిగింపుల మీద సాగింది. నేపాలీల హోదాను ముగిస్తున్నట్టు 2018లో ఒకసారి, 2025 జూన్‌లో మరోసారి ప్రకటించగా, రెండుసార్లూ వివాదం కోర్టులకు చేరింది.

2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాలలో భూకంపం వచ్చినప్పుడు జర్మనీ మరో మార్గం తొక్కింది. అక్కడ స్థిరపడిన తుర్కియే, సిరియా మూలాలవారు తమ దగ్గరి బంధువులను తాత్కాలికంగా రప్పించుకోవడానికి మూడు నెలల వీసాలను వేగవంతం చేసింది. ఇక్కడ ప్రయాణపు దిశ తిరగబడింది. అయితే కూలిన ఇంటి శిథిలాల్లో పాస్‌పోర్టు పోగొట్టుకున్నవారికి వీసా ఎంత త్వరగా ఇచ్చినా అక్కరకు రాదు. శరణార్థి హోదాలో ఉన్న సిరియన్లకైతే స్వదేశానికి వెళ్లి రావడమే ప్రమాదం. వెళ్లగలిగినవాడికి ఇక రక్షణ ఎందుకన్న వాదనతో హోదా రద్దయ్యే అవకాశం ఉంది.

స్టాంపింగ్ లేని తిరుగు ప్రయాణం

తెలుగువారికి ఈ అంశం బాగా దగ్గరైంది 2021 వేసవిలో. కొవిడ్ రెండో ఉధృతి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఆస్పత్రులను ముంచెత్తుతున్న సమయంలో అమెరికా మే 4 నుంచి అమల్లోకి వచ్చేలా ఒక ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు 14 రోజుల్లో భారతదేశంలో ఉన్న విదేశీయులకు ప్రవేశం నిలిపివేయడం దాని సారాంశం. అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరసత్వం ఉన్న మైనరు పిల్లల తల్లిదండ్రులకు, మరికొందరికి మినహాయింపు ఉంది. కేవలం హెచ్–1బి హోదా ఉన్నవారికి లేదు.

మినహాయింపు వర్తించేవారిలోనూ చాలామంది ఆగిపోవడానికి కారణం స్టాంపింగ్. హెచ్–1బి ఉద్యోగికి అమెరికాలో ఉండే హక్కు ఒక పత్రం మీద, బయటికి వెళ్లి మళ్లీ ప్రవేశించే హక్కు పాస్‌పోర్టులోని వీసా ముద్ర మీద ఆధారపడతాయి. మొదటిది పొడిగించుకుంటూ ఏళ్ల తరబడి ఉంటున్నవారిలో అనేకుల పాస్‌పోర్టుల్లో రెండోది గడువు తీరిపోయి ఉంటుంది. మామూలు రోజుల్లో హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాటు దొరికితే కొద్ది రోజుల పని. 2021 మే 3 నుంచి భారతదేశంలోని అమెరికా కాన్సులేట్లు సాధారణ వీసా అపాయింట్‌మెంట్లను నిలిపివేయడంతో, తండ్రి అంత్యక్రియలకు వచ్చిన కొడుకు ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల బడి అన్నీ సముద్రానికి అవతలే వదిలి నెలల తరబడి ఇక్కడ ఉండిపోయే పరిస్థితి ఏర్పడింది. ఆ ప్రవేశ నిషేధం నవంబరు 8న తొలగింది. రాకపోతే బాధ, వస్తే తిరిగి వెళ్లలేమన్న భయం. చాలామంది వీడియో కాల్‌లో కర్మకాండ చూడటానికి కారణం విమానాలు లేకపోవడం కాదు.

ఆస్ట్రేలియా అదే మే నెలలో సొంత పౌరులను కూడా ఆపింది. భారతదేశం నుంచి వచ్చేవారికి అయిదేళ్ల వరకు జైలు, భారీ జరిమానా విధించవచ్చన్న ఉత్తర్వు మే 3 నుంచి 15 వరకు అమల్లో ఉంది. పౌరసత్వం తీసుకుంటే ఇబ్బంది తీరుతుందన్న నమ్మకానికి ఆ రెండు వారాలు గట్టి మినహాయింపు.

కూలిన ఇంటికి మేస్త్రీ ఎక్కడ?

విపత్తు తొలి వారాలు గడిచాక ప్రవాసి గైర్హాజరు మరో రూపంలో బయటపడుతుంది. నేపాల్ ప్రభుత్వం ఇల్లు కోల్పోయిన కుటుంబానికి చివరకు 3 లక్షల నేపాలీ రూపాయల సాయం నిర్ణయించి, పునాది నుంచి పైకప్పు దాకా దశలవారీగా ఇంజినీర్ల తనిఖీ తర్వాత వాయిదాల్లో ఇచ్చింది. లబ్ధిదారు ఒప్పందం మీద సంతకం చేయాలి, లాల్‌పుర్జా అనే భూమి పత్రం చూపాలి. ఆ పత్రం విదేశంలో ఉన్నవాడి పేరునో, మార్పిడి జరగని చనిపోయిన తండ్రి పేరునో ఉంటే ప్రతి వాయిదాకూ ఒక అడ్డంకి. మరో వైపు, భూకంపాన్ని తట్టుకునేలా కట్టాలన్న నిబంధన వచ్చింది గాని కట్టగల మేస్త్రీలు, రాడ్ బెండింగ్, షట్టరింగ్ పనివారు చాలామంది గల్ఫ్‌లో, మలేసియాలో ఉన్నారు. దాంతో గ్రామాల్లో కొత్తవారికి తాపీ పని నేర్పే శిక్షణలు పెద్ద ఎత్తున మొదలుపెట్టవలసి వచ్చింది. దోహాలో స్టేడియాలు లేపుతున్న చేతులే గోర్ఖాలో గోడలకు కరువయ్యాయి.

విదేశీ ఉపాధి అనుమతులు 2015–16లో 4 లక్షల పైచిలుకుకు తగ్గాయి. ఇల్లు కట్టుకోవడానికి కొందరు ఊళ్లోనే ఆగారని దీన్ని అర్థం చేసుకోవచ్చు. గల్ఫ్‌లో చమురు ధరలు పడిపోయి పనులు తగ్గిన కాలం కూడా అదే కాబట్టి తగ్గుదలంతా భూకంపానికే ఆపాదించడం కుదరదు.

మారినవి, మారనివి

భూకంపం వచ్చిన రెండున్నర నెలలకే, 2015 జూలైలో, నేపాల్ ఆరు గల్ఫ్ దేశాలకు, మలేసియాకు వెళ్లే కార్మికుల వీసా, టికెట్టు ఖర్చు యజమానే భరించాలన్న విధానం తెచ్చింది. అమలు అంతంతమాత్రమే. ఖతార్ 2018లో ఎక్కువ మంది కార్మికులకు, 2020లో ఇంటి పనివారికి కూడా నిష్క్రమణ అనుమతిని ఎత్తివేసింది. సౌదీ అరేబియా 2021 మార్చి నుంచి ప్రైవేటు రంగ కార్మికులు చాలామందికి యజమాని ఒప్పుకోలు లేకుండానే బయటికి వెళ్లి వచ్చే వీసా తీసుకునే వీలిచ్చింది. ఇవి చిన్న మార్పులు కావు.

బీమా మాత్రం ఇప్పటికీ ఒకే దిశలో చూస్తుంది. నేపాల్ విదేశీ ఉపాధి సంక్షేమ నిధి గాని, భారతదేశపు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద లభించే 10 లక్షల రూపాయల రక్షణ గాని కార్మికుడికి విదేశంలో ఏదైనా జరిగితే అతని కుటుంబాన్ని ఆదుకోవడానికి రూపొందినవి. కుటుంబానికి స్వదేశంలో ఏదైనా జరిగితే కార్మికుణ్ని ఆదుకునే అంశం, కనీసం ఒక రానుపోను టికెట్టు రూపంలోనైనా, వాటి ప్రధాన లక్ష్యాల్లో లేదు. సెలవుల సంగతీ ఇలాగే ఉంది. సౌదీ కార్మిక చట్టం భార్య గాని భర్త గాని, తల్లిదండ్రులు గాని, పిల్లలు గాని మరణిస్తే అయిదు రోజుల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది. ఎమిరేట్స్‌లో భార్యాభర్తల మరణానికి అయిదు రోజులు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల మరణానికి మూడు రోజులు. కాఠ్‌మాండూ నుంచి సింధుపాల్‌చోక్‌లోని పై ఊళ్లకు, మూసుకుపోయిన రోడ్ల మీద, వెళ్లడానికే అందులో చాలా భాగం సరిపోతుంది. తల్లిదండ్రులు ప్రాణాలతో బయటపడి టార్పాలిన్ కింద ఉంటే ఆ మూడు రోజులు కూడా వర్తించవు.